పొదల బావ నలభై తప్పులు

మా బావకి ఒక్కటే జబ్బు. పొద కనబడితే దాని పేరు చెప్పకుండా అక్కణ్ణుంచి కదలడు. పేరంటే జనం పిలుచుకునే పేరు కాదు, శాస్త్రం పుస్తకాల్లో ఉండే పేరు. అక్కడితో ఆగితే సరే అనుకోవచ్చు. ఆ పేరు ఎవరు పెట్టారు, ఎందుకు పెట్టారు, పెట్టేటప్పుడు ఆయన బుర్ర ఏ స్థితిలో ఉంది, ఇవన్నీ చెప్పి, విన్నవాడు 'ఆహా' అన్నాకగానీ వదలడు. పొద ముళ్ళకి చొక్కా తగులుకుంటే విడిపించుకోవచ్చు. మా బావకి తగులుకున్నవాణ్ణి విడిపించడం ఎవరి తరమూ కాదు.

మా ఊరు ఎడారి అంచున ఉంది. అంటే పొదలకి కరువు లేదు. బస్టాపు వెనక పొద, బడి గోడ పక్కన పొద, పోస్టాఫీసు మెట్ల దగ్గర పొద. ఇంటి నుంచి ఆఫీసుకి పావుగంట నడక, బావతో వెళితే గంటంబావు. నేను ఆయనకి స్వయానా బావమరిదిని, పైగా అదే ఆఫీసులో ఉద్యోగిని. తప్పించుకునే దారే లేదు.

"ఇదిగో, ఈ పొద చూశావుటోయ్?"

"నిన్న చూపించావు బావా. మొన్నా చూపించావు."

"నిన్న దీనికి పువ్వు లేదు. రా, పరిచయం చేస్తాను."

నాకు ఆ దారిలో మనుషులకంటే పొదలే ఎక్కువ తెలుసు.

పెళ్ళయిన కొత్తలో మా అక్కని షికారుకి తీసుకెళ్ళి, ఇసుకదిబ్బ మీద కూర్చోబెట్టి, ఆకుల్లేని చీపురుకట్టలాంటి పొద ఒకటి చూపించాడట. "దీని పేరు కాలిగోనం. గ్రీకు భాషలో అందమైన మోకాళ్ళు అని. ఆ కణుపులు చూడు, ఎంత ముచ్చటగా ఉన్నాయో!" అన్నాడట. ఇక తన గురించి కూడా ఏదైనా అంటాడేమోనని అక్క తలొంచుకుని కాచుకుని కూర్చుంది. సూర్యుడు అస్తమించేదాకా కణుపుల గురించే చెప్పాడు. ఈనాటికీ అక్కకి కాళ్ళు నొప్పి పుట్టినప్పుడల్లా, "ఆ పొద మోకాళ్ళే అందమైనవి. నా మోకాళ్ళకి మందు తెచ్చే దిక్కు లేదు" అని సాధిస్తూ ఉంటుంది.

మా ఆఫీసుని జనం ఎండుగడ్డి మ్యూజియం అంటారు. ఎడారిలో దొరికిన మొక్కల కొమ్మలు కోసుకొచ్చి, పాత పేపర్ల మధ్య నొక్కి ఎండబెట్టి, దళసరి కాగితాల మీద అంటించి బీరువాల్లో దాస్తాం. అంటించేది నేను. జిగురు, కాగితపు పట్టీలు, సూదీ దారం నా సరంజామా. మొక్క కింద ఒక చీటీ ఉంటుంది. దాని మీద పేరు, దొరికిన చోటు, తేదీ, పేరు నిర్ణయించినవాళ్ళ సంతకం ఉంటాయి.

మాకో కట్టుబాటు ఉంది. ఎవరైనా చీటీ మీద పేరు తప్పు రాస్తే దాన్ని చింపకూడదు, కొట్టేయకూడదు. తప్పు పట్టుకున్నవాళ్ళు సరైన పేరుతో ఇంకో చీటీ రాసి దాని పక్కన అంటించాలి. వందేళ్ళ తర్వాత బీరువా తెరిచినవాడికి కూడా ఎవరు పొరబడ్డారో, ఎవరు దిద్దారో తేదీలతో సహా తెలిసిపోతుంది. మనిషి పోయినా తప్పు పోదన్నమాట. ఇరవై ఆరేళ్ళ సర్వీసులో బావ రాసిన చీటీ పక్కన రెండో చీటీ పడలేదు. జీపు పరుగెడుతుండగా కిటికీలోంచి చూసి పేరు చెప్పేవాడు. మేం దిగి, కొమ్మ కోసి, భూతద్దం పెట్టి గంట సేపు తన్నుకుంటే చివరికి అదే పేరు తేలేది. పేరు సరిచూడ్డానికి దిగడం దండగని జీపు డ్రైవరు బ్రేకు వేయడమే మానేశాడు.

చీటీ మీద తప్పు రాయడమంటే బావకి ప్రాణం పోయినంత పని. డైరెక్టరుగారి గది ముందు కుండీలో హోహోబా పొద ఒకటి ఉండేది. దాని శాస్త్రీయ నామం సిమాండ్సియా చైనెన్సిస్. అంటే చైనాది అని. పాపం, అది ఏనాడూ చైనా మొహం చూసిన మొక్క కాదు. పేరు పెట్టినాయన చీటీ మీది రాత సరిగ్గా పోల్చుకోలేక అది చైనాలో దొరికిందనుకున్నాడని చెబుతారు. ముందుగా అచ్చయిన పేరు కుదరలేదని మార్చడానికి రూలు ఒప్పుకోదు.

"ఒక్క చీటీ! ఒక్క చీటీ నిదానంగా చదివి ఉంటే దీనికి ఈ అన్యాయం జరిగేదా?" అని ఆ కుండీ ముందు నిలబడి బావ కళ్ళు తుడుచుకునేవాడు. డైరెక్టరుగారిని చూడ్డానికి వచ్చినవాళ్ళు, లోపల ఎవరో పోయారేమోనని గుమ్మంలోంచే వెనక్కి తిరిగేవాళ్ళు.

ఇలాంటి మనిషి దగ్గరికి కొత్తమ్మాయి ఒకామె వచ్చింది. మొక్కలకి పేర్లు నిర్ణయించే పనిలో సహాయకురాలు. ఏడాది చూసి, పనికొస్తే ఉంచుకుంటారు, లేకపోతే పంపించేస్తారు. అప్పటికే రెండుచోట్ల అలాగే ఏడాది చూసి పంపించేశారట. మొక్కలు తప్ప ఇంకో ధ్యాస లేని పిల్ల. మధ్యాహ్నం అందరూ తినేవేళ కూడా బీరువా ముందు బల్లమీద కూర్చుని కాగితాలు తిరగేసేది. చదువు, చూపు, ఓపిక, అన్నీ ఉన్నాయి. నోట్లో నాలుక మాత్రం లేదు. ఎవరేమన్నా తలూపేది. డైరెక్టరుగారు వేపపుల్ల చూపించి గులాబీ అన్నా ఊపేస్తుందేమో అనిపించేది.

నెల తిరక్కుండానే డైరెక్టరుగారు విసుక్కున్నారు. "పొదలు ఎలాగూ మాట్లాడవు. ఈ అమ్మాయీ మాట్లాడదు. రెండు రకాల మౌనం నేను భరించలేనండీ. తప్పుని తప్పని చెప్పలేని మనిషి ఈ పనికి దేనికి? ఏడాది కాగానే పంపించేద్దాం."

బావ "చూద్దాం లెండి" అని ఊరుకున్నాడు. ఆ వారంలోనే ఆయన బుర్ర చెడింది.

ఆరోజు నేను జిగురు గిన్నె పట్టుకుని గదిలోకి వెళ్ళేసరికి, బావ ఒక కొమ్మ చేత్తో తిప్పుతూ, "నైట్రేరియా. సందేహమే లేదు" అని చీటీ రాసి సంతకం చేసేశాడు. నేను కొమ్మ వంక చూశాను. ఆకులు కాడికి కట్టిన ఎద్దుల్లా జంటలు జంటలుగా ఉన్నాయి. అలా ఉంటే జైగోఫిల్లం. కాడి అన్న మాట మీదే దానికి ఆ పేరొచ్చింది. ఈ ముక్క నాకెలా తెలుసంటే, బావే పోస్టాఫీసు మెట్ల దగ్గర నాకు కనీసం రెండొందల సార్లు చెప్పాడు.

"బావా, అది..."

"నీ పని అంటించడం. అంటించు."

కొత్తమ్మాయి మొహం ఎర్రబడింది. ఏదో అనబోయి పెన్సిల్ చెక్కడం మొదలెట్టింది. ఆరోజు అనలేదు, మర్నాడూ అనలేదు. మూడోరోజు వచ్చి, బావతో కాకుండా బీరువాతో అంది.

"సార్... ఆకులు... రెండేసి ఉన్నాయేమో."

"ఉంటే?"

"జైగోఫిల్లం అనిపిస్తోంది సార్."

"అనిపిస్తోందా, అవునా?"

బీరువాతోనే "అవును" అంది.

"అయితే చీటీ రాయి."

ఆ అమ్మాయి రాసింది. బావ చీటీ పక్కన నేను అంటించాను. ఇరవై ఆరేళ్ళలో మొట్టమొదటి రెండో చీటీ.

అది మొదలు. తర్వాత వారం ఇంకోటి, ఆ పై వారం రెండు. బావ దర్జాగా తప్పు పేరు చెబుతాడు, దానికో పుట్టుపూర్వోత్తరం కూడా తగిలిస్తాడు, సంతకం చేస్తాడు. ఆ అమ్మాయి దిద్దుతుంది. పదో తప్పుకి బీరువాతో మాట్లాడటం మానేసి బావ చొక్కా బొత్తాలతో మాట్లాడింది. ఇరవయ్యో తప్పుకి నేరుగా మొహం చూసి "కాదు సార్" అంది. ముప్ఫయ్యయిదో తప్పు దగ్గర అయితే, "సార్, కాస్త కళ్ళు తెరిచి చూస్తారా? ఇది సాల్వడోరా అని చిన్నపిల్లలు కూడా చెబుతారు!" అని కొమ్మ పెట్టి బల్ల మీద కొట్టింది. ఎండిన ఆకులన్నీ రాలి నా జిగురులో పడ్డాయి.

బావ, "అలాగంటావా? అయితే రాయి" అన్నాడు చల్లగా.

సంగతి అక్కతో చెప్పక తప్పలేదు. అక్క బెంబేలెత్తిపోయింది. ఆయనకి తెలియకుండా పరీక్ష పెట్టాలని చీపురులోంచి ఒక పుల్ల లాగి ఆయన ముందు పెట్టింది.

"ఏమండీ, ఇదేమిటి?"

"చీపురుపుల్ల."

అక్క కళ్ళనీళ్ళు పెట్టుకుంది. "చూశావురా తమ్ముడూ! గ్రీకు లేదు, లాటిన్ లేదు, ఉత్తి చీపురుపుల్ల అనేశారు. మనిషి చేయి దాటిపోయాడు."

"అది గడ్డి జాతే," అన్నాడు బావ పేపరు లోంచి తలెత్తకుండా. "గడ్డి నా శాఖ కాదు. నేను పొదల మనిషిని."

ఎందుకైనా మంచిదని కళ్ళ డాక్టరు దగ్గరికి లాక్కెళ్ళాను. గోడమీది అక్షరాల్లో అన్నిటికంటే చిన్న వరసా చదివాడు, దాని కింద ఆ కాగితం అచ్చువేసినవాళ్ళ పేరూ చదివాడు. తర్వాత డాక్టరుగారి భుజం మీదుగా కిటికీలోంచి రోడ్డవతలకి చూసి, "ఆ గోడ వార ఉన్నది ఫగోనియా. ఫ్రాన్సు రాజుగారి వైద్యుడి పేరు దానికి పెట్టారు. వైద్యుడు కాబట్టేమో, ఒళ్ళంతా సూదులే. యుఫోర్బియా కూడా ఓ రాజుగారి వైద్యుడి పేరే. దాని పాలు కంట్లో పడితే మీ దగ్గరికే రావాలి. మొత్తానికి మీ వృత్తి మీద మా వాళ్ళకి అపారమైన గౌరవమండీ" అన్నాడు.

డాక్టరుగారు నన్ను పక్కకి పిలిచారు. "ఈయన చూపుకి వంక పెట్టడానికి లేదు. మళ్ళీ తీసుకురావద్దు. బయట ఇరవై మంది కూర్చున్నారు."

తిరిగొచ్చే దారిలో పదిహేడు పొదలకి పదిహేడు పేర్లూ పొల్లు పోకుండా చెప్పాడు. ఆఫీసు గడప తొక్కాడో లేదో పద్దెనిమిదోదానికి తప్పు చీటీ రాశాడు. ఇదేం మాయరోగమో నాకు అంతుపట్టలేదు.

ఏడాది నిండింది. కొత్తమ్మాయి సంగతి తేల్చడానికి పై ఆఫీసు నుంచి ఓ పెద్దాయన వచ్చాడు. మెడలో భూతద్దం, మొహంలో నవ్వన్నది మచ్చుకైనా లేదు. వెళ్ళిపొమ్మంటారేమోనని ఆ అమ్మాయి పొద్దున్నే తన బల్లంతా సర్దేసి, పెన్సిళ్ళు కూడా సంచీలో పెట్టేసుకుంది. అది చూస్తూ ఉండిపోయేసరికి జిగురు పట్టీ నా చేతికే అంటుకుపోయింది.

భూతద్దం పెద్దాయన బీరువాలు తెరిపించాడు. ఒక్కో కాగితమూ తీస్తున్నాడు, చూస్తున్నాడు, పక్కన పెడుతున్నాడు. చివరికి నలభై కాగితాల దొంతర తేలింది.

"ఈ మొదటి చీటీలన్నీ మీరు రాసినవేనా?" అని బావని అడిగాడు.

"నేనేనండీ."

"నలభైకి నలభై తప్పులు."

"అవునండీ. ఒక్కదాంట్లో కూడా అనుమానానికి తావు లేదు."

"వీటిని దిద్దింది ఈ అమ్మాయా?"

"అక్షరం అక్షరం."

పెద్దాయన జేబులోంచి పచ్చి కొమ్మ ఒకటి తీశాడు. "దారిలో కోశాను. లైసియం. ఏమంటావమ్మా?"

ఆ అమ్మాయి కొమ్మ అందుకుంది. డైరెక్టరుగారు టీ కప్పు నోటిదాకా తెచ్చి ఆపేశారు. ఏడాది కిందట అయితే ఆ తల ఈపాటికి ఊగేసేది.

"కాదు సార్," అంది. "లైసియం కాయ మెత్తటి పండులా ఉంటుంది. ఇక్కడ చూడండి, రెక్కలున్న ఎండు కాయ. ఇది అట్రిప్లెక్స్. ఆకు మీద పిండి జల్లినట్టు ఉందిగా, నాలుక మీద పెట్టుకోండి, ఉప్పగా ఉంటుంది."

పెద్దాయన భూతద్దం పెట్టి చూశాడు, ఆకు కొరికి చూశాడు. అప్పుడు మొదటిసారి నవ్వాడు. "జీపులోంచి చూసి పేరు అనేసుకున్నాను, కోశాక సరిగ్గా చూడలేదు. నువ్వన్నదే నిజం." డైరెక్టరుగారి వైపు తిరిగి, "ఇలాంటి మనిషిని వదులుకుంటారా?" అన్నాడు. ఉద్యోగం ఖాయమైంది. ఆ అమ్మాయి సంచీలోంచి పెన్సిళ్ళు తీసి మళ్ళీ బల్ల మీద పెట్టుకుంటుంటే ఒక్కోటీ కింద పడుతూనే ఉంది.

వెళ్ళేముందు పెద్దాయన ఇంకో మాట రాసిపెట్టాడు. పెద్ద వయసులో ఇన్ని పొరపాట్లు చేస్తున్నవారిని పేర్లు నిర్ణయించే పని నుంచి తప్పించి, బీరువాలు చూసుకునే పనిలో పెట్టమని. మర్నాడు బావ తన కుర్చీ తనే మోసుకుని నా జిగురు గదిలోకి వచ్చేశాడు.

"ఇక్కడ గాలి బాగా వస్తుందోయ్," అన్నాడు. మొహంలో రవ్వంత నొచ్చుకోలు లేదు. నాకు మాత్రం ఒళ్ళు మండిపోయింది.

వారం తర్వాత, బావ ఎడారిలో రాసుకున్న నోటుపుస్తకం టైపు చేయమని నాకిచ్చారు. మొక్క కోసినప్పుడు అక్కడికక్కడే ఎత్తు, పువ్వు రంగు, చోటు పెన్సిల్‌తో రాసుకునే పుస్తకం. మూడో పేజీకి నా వేళ్ళు ఆగిపోయాయి. జైగోఫిల్లం అని ఉంది. తేదీ చూశాను. నైట్రేరియా అని చీటీ రాయడానికి రెండ్రోజుల ముందు. పేజీలు తిప్పాను. నలభై మొక్కలు, నలభై సరైన పేర్లు, అన్నీ చీటీలకి ముందు రాసినవే. పుస్తకం తీసుకెళ్ళి ఆయన ముందు పడేశాను.

"ఇదేమిటి బావా?"

"నోటుపుస్తకం."

"నాతో వేషాలెయ్యకు. అన్నీ తెలిసే రాశావా?"

బావ తలుపు వైపు చూసి గొంతు తగ్గించాడు. "నెమ్మదిగా మాట్లాడవోయ్. మొదటివారంలో డైరెక్టరుగారు ఏదో మొక్కకి తప్పు పేరు చెప్పారు. ఆ పిల్ల తలూపింది. ఊపుతూనే సరైన పేరు అరచేతిలో రాసుకుని గుప్పిట మూసేసుకుంది. నేను చూశాను. అంత తెలిసిన పిల్ల నోరు తెరవలేక ఇంటికెళ్ళిపోతే ఎలా చెప్పు?"

"నోరు తెరవమ్మా అని చెబితే పోయేది కదా!"

"రెండు ఆఫీసుల్లో చెప్పారు. చెప్పిన కొద్దీ ఇంకా మూసుకుంది. నేను ఒప్పు చెబితే తలూపడమే నేర్చుకుంటుంది. తప్పు చెప్పాననుకో, మొక్క మీద అంత ప్రేమ ఉన్నది ఎన్నాళ్ళు ఊరుకోగలదు? మూడ్రోజులు ఊరుకుంది, అంతే."

"ఆ చీటీలు వందేళ్ళుంటాయి బావా! నీ సంతకంతో!"

"ఉండనీ. పక్కన ఒప్పు కూడా ఉంటుందిగా. మొక్కకేం నష్టం లేదు." జిగురు గిన్నె పక్కకి జరిపి ఒప్పుకున్నాడు. "నాకే కష్టంగా ఉండేది. తప్పు రాసిన రోజు ముద్ద దిగేది కాదు. సాయంత్రం దారిలో ఆ పొద ఎక్కడైనా కనబడితే ఎదురుగా నిలబడి, నీ పేరు నాకు తెలుసులే అని చెప్పి వచ్చేవాణ్ణి."

నేను పాతికేళ్ళుగా ఈ మనిషిని చూసి విసుక్కుంటున్నాను. ఆ క్షణాన నాకు ఆయన మీద ఎంత ప్రేమ పుట్టుకొచ్చిందో చెప్పలేను. చెబితే వెంటనే ఏదో పొద కథ ఎత్తుకుంటాడని భయపడి ఊరుకున్నాను. నోటుపుస్తకంలో ఎత్తు టైపు చేశాను, పువ్వు రంగు టైపు చేశాను, పేరు ఉండాల్సిన చోటు నలభై మొక్కలకీ ఖాళీగా వదిలేశాను. మొదటిసారిగా నా ఉద్యోగంలో నేనూ ఒక తప్పు చేశాను. ఆ పూట తిండి మాత్రం సుష్ఠుగా తిన్నాను.

ఆ తర్వాత ఆరు నెలలకి అందరం జీపులో ఎడారికి వెళ్ళాం. దిబ్బ మీద పచ్చటి పుల్లల గుబురు ఒకటి కనబడింది.

"లెప్టడీనియా," అన్నాడు బావ కిటికీలోంచి. "పైరోటెక్నికా. దాంతో నిప్పు రాజేసేవాళ్ళని ఆ పేరు. పోనివ్వు."

"కాదు సార్, ఎఫెడ్రా," అంది కొత్తమ్మాయి వెనక సీట్లోంచి.

బావ గిరుక్కున వెనక్కి తిరిగాడు. "ఏమిటీ? నేను చెబుతున్నా కాదంటావా?"

"మీరు చెప్పినా సరే సార్. ఎఫెడ్రానే. ఆపండి."

బావ చెప్పిన పేరు సరిచూడ్డానికి ఎన్నో ఏళ్ళ తర్వాత డ్రైవరు బ్రేకు వేశాడు. బావ దిగనన్నాడు. దిగాల్సిన అవసరమే లేదన్నాడు. ఆ అమ్మాయి వెళ్ళి పుల్ల విరుచుకొచ్చి, కణుపు దగ్గర ఎండిన పొలుసులు చూపించింది. బావ భూతద్దం పెట్టాడు. పుల్లని ఇటు తిప్పాడు, అటు తిప్పాడు. మెడ ఎర్రబడింది, తర్వాత చెవులు ఎర్రబడ్డాయి. ఊరు చేరేదాకా ఒక్క పొద పేరు చెప్పలేదు.

మర్నాడు పొద్దున్నే, చీటీలు రాయడం ఇప్పుడు తన పని కాకపోయినా, నా గదిలోకి రెండు చీటీలు పట్టుకొచ్చాడు. మొదటిది ఆయన సంతకంతో, రెండోది ఆ అమ్మాయి సంతకంతో. మొహం వెలిగిపోతోంది.

"చూశావుటోయ్! నిజంగానే పొరబడ్డాను! అసలు నాకు తెలియనే తెలియలేదు! ఆ పిల్ల నన్ను పట్టేసింది!"

"నలభై ఒకటోది," అని నేను జిగురు కుంచె తీశాను.

"నలభై ఒకటోది కాదు, మొదటిది," అని బావ కుర్చీ దగ్గరికి లాక్కుని కూర్చున్నాడు. "వంకర లేకుండా జాగ్రత్తగా అంటించు. ఇది అసలుది."